రెండు చేతులూ ఇవ్వండి

ముందు నా గొంతు గురించి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళు బళ్ళో పీఈ టీచరుగా పనిచేసిన గొంతు ఇది. మైదానంలో ఈ చివర నుంచి ఒక్క కేకేస్తే ఆ చివర కొట్టుకుంటున్న పిల్లలు టక్కున విడిపోయేవాళ్ళు. రిటైరయ్యాక దానికి పని లేకుండా పోయింది. సింగపూర్ బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్ మూడు గదులది, అందులో కేకెయ్యడానికి చోటెక్కడ? అన్నానికి రమ్మని మామూలుగా పిలిచినా మా మనవరాలు కీర్తిక చెవులు మూసుకుని, "అమ్మమ్మా, సో లౌడ్ లా!" అంటుంది. ఇంత గొంతు పెట్టుకుని గుసగుసలాడుతూ బతకాల్సి రావడం నాకు ఎంత కష్టంగా ఉండేదో ఎవరికీ పట్టలేదు.

అలాంటి రోజుల్లో ఒక స్నేహితురాలు నన్ను కాంట్రా డ్యాన్స్‌కి లాక్కెళ్ళింది. అది అమెరికా పల్లెల ఆట, తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. జనం రెండు పొడుగాటి వరసల్లో ఎదురెదురుగా నిలబడతారు. మీకు ఎదురుగా ఉన్న మనిషి మీ జత. మీ జంటా, పక్క జంటా కలిసి నలుగురు. ఆ నలుగురూ చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం, ఒకరి చుట్టూ ఒకరు తిరగడం లాంటివి చేస్తారు. పాట ఒక ఆవర్తనం పూర్తయ్యేసరికి ఒక చోటు జరిగి కొత్త జంట ఎదుటికి వస్తారు. అలా జరుగుతూ జరుగుతూ వరసలో ఉన్న అందరితోనూ ఆడతారు. ముందుగా నేర్చుకుని రావాల్సిన పని లేదు. తర్వాత ఏం చెయ్యాలో ఒకరు మైకులో చెబుతూనే ఉంటారు. ఆ చెప్పే మనిషిని కాలర్ అంటారు. ఆ పని చూసిన మొదటి రోజే, ఇది నా కోసమే పుట్టిందనిపించింది.

అయితే మాకు కాలర్ ఉన్నాడు. పేరు జనార్దనరావు. కరీంనగర్ మనిషి, ఇక్కడ ఒక బ్యాంకులో కంప్యూటర్ల వైపు పెద్ద ఉద్యోగం. ఎప్పుడో ఆఫీసు పని మీద బోస్టన్‌లో కొన్నాళ్ళు ఉన్నప్పుడు ఈ పిచ్చి తగులుకుందట. నెలకోసారి క్లెమెంటిలో హాలు తీసుకుని ఆడిస్తాడు. అతని భార్య రాధ వయొలిన్ వాయిస్తుంది. తను నేర్చుకున్నది మన సంగీతం, అందుకని ఆ అమెరికా పల్లె పాటల్ని కూడా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే వాయిస్తుంది. ఆ వాయింపుకి కుర్చీలు కూడా లేచి ఆడాలి.

ఇంత ఉండీ మా గుంపు పన్నెండు మందికి మించలేదు. కొత్తవాళ్ళు ఒకసారి వచ్చేవాళ్ళు, మళ్ళీ కనిపించేవాళ్ళు కాదు. ఎందుకు రావడం లేదని జనార్దనరావు తలపట్టుకునేవాడు. నాకు తెలుసు ఎందుకో. అతను తనకు ముచ్చటైన డ్యాన్సులే ఎంచుకునేవాడు. వాటిలో ఒకటుంది, నలుగురూ ఒకరినొకరు తాకకుండా జడ అల్లినట్టు లోపలికీ బయటికీ దూరిపోవాలి. పాతవాళ్ళకి అది పండగే. కొత్తవాడికి మాత్రం మొదటి మలుపులోనే బుర్ర తిరిగిపోయేది. పైగా మా పాతవాళ్ళకి ఇంకో జబ్బు. పాట మొదలు కాకముందే హాకర్ సెంటర్‌లో టిష్యూ ప్యాకెట్ పెట్టి తినే బల్ల చోప్ చేసినట్టు, అంటే ముందే ఆపి పెట్టుకున్నట్టు, ఒకరినొకరు చోప్ చేసేసుకునేవాళ్ళు. కొత్తవాళ్ళు కొత్తవాళ్ళతోనే మిగిలి, ఇద్దరూ కలిసి గోడకి గుద్దుకునేవాళ్ళు.

ఈ మాట జనార్దనరావుతో అన్నాను. నాకు ఒక్క అవకాశం ఇమ్మని కూడా అడిగాను.

"పిలుచుడంటే ఒర్రుడు కాదు ఆంటీ" అన్నాడు నవ్వుతూ.

నవ్వుతూ అన్నాడు కాబట్టి బతికిపోయాడు. నాది అరుపట! నాకు ఒళ్ళు మండింది. ఆ నెలంతా అడుగుతూనే ఉన్నాను, ఆ తర్వాతి నెలా అడిగాను. చివరికి తెలుగువాళ్ళ కుటుంబ దినోత్సవం వచ్చింది. బుకిట్ బటోక్‌లో పెద్ద హాలు, భోజనాలకు ముందు ఒక గంట అందరినీ ఆడించమని మా గుంపుని అడిగారు. వందకు పైగా జనం. వాళ్ళలో కాంట్రా పేరు విన్నవాళ్ళే తక్కువ.

"మొదటిది మీరు పిలువుండ్రి" అన్నాడు జనార్దనరావు. "ఫ్లోర్ నిలవడితే వచ్చే నెలనుంచి కాలర్ మీరే. నేను హాయిగా డ్యాన్స్ చేసుకుంట. కానీ జనం చెదిరిపోతే మాత్రం ఆంటీ, మళ్ళ నన్ను అడగొద్దు. ఒక్కసారి నవ్వులపాలైతే గీ ఊర్ల మన మొకం ఎవ్వరు చూడరు."

"సరి" అన్నాను. ఆ 'సరి' అన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఓడిపోతే మిగిలేది ఆ మూడు గదుల ఫ్లాటూ, ఆ గుసగుసలూ.

ఏ డ్యాన్స్ పిలవాలా అని వంటగట్టు మీద ఉప్పు, పంచదార, పసుపు, కారం డబ్బాల్ని నలుగురు మనుషులనుకుని జరుపుతూ కూర్చునేదాన్ని. నాకు కావలసింది అందమైన డ్యాన్స్ కాదు. తప్పు చేసినవాడు కూడా తన చోటికే చేరుకునే డ్యాన్స్ కావాలి. ఒకడు దారి తప్పితే మిగతా ముగ్గురూ ఆగిపోకూడదు. అలాంటిది ఒకటి పట్టుకున్నాను. రెండు వరసలూ ముందుకొచ్చి వెనక్కి వెళ్ళాలి. నలుగురూ చేతులు కలిపి ఎడమకి తిరిగి, మళ్ళీ కుడికి తిరగాలి. ఎటు తిరగాలో తెలియకపోయినా పక్కవాళ్ళే లాక్కెళతారు. తర్వాత పక్క జంట మనిషితో కుడిచెయ్యి పట్టుకుని ఒక చుట్టు, ఎడమచెయ్యి పట్టుకుని వెనక్కి ఒక చుట్టు. ఆపైన సొంత జతతో గిరగిరా తిరగడం. చివర్లో ఒక జంట చేతులెత్తి ద్వారంలా పట్టుకుంటే రెండో జంట దాని కిందుగా దూరిపోతుంది. దూరగానే అవతల కొత్త జంట ఎదురుగా ఉంటుంది. ఎంత తెలియనివాడైనా తలవంచుకుని ద్వారం దూరడం తెలియకుండా ఉంటుందా?

ఆ రోజు సాయంత్రం హాలు కిటకిటలాడింది. మా తాతల నాడు ఓడలెక్కి వచ్చిన కుటుంబాలు ఒక గోడ వైపు, మొన్న మొన్న విమానాలు దిగిన ఐటీ వాళ్ళూ, యూనివర్సిటీ పిల్లలూ ఇంకో గోడ వైపు. ఏటా ఇంతే. వాళ్ళు మా తెలుగులో మలయ్ మాటలు ఏరుకుని నవ్వుతారు, మేం వాళ్ళ హడావుడి చూసి నవ్వుతాం, భోజనం చేసి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతాం.

మైకు పట్టుకుని మొట్టమొదట మా పాతవాళ్ళ పని పట్టాను.

"కాంట్రా తెలిసినవాళ్ళు తెలిసినవాళ్ళతో నిలబడకూడదు. కొందరు ఆ గోడ దగ్గర నుంచి, కొందరు ఈ గోడ దగ్గర నుంచి జత తెచ్చుకోండి. ఇంకో మాట. మీరు నోరు విప్పకూడదు. చెయ్యి చాపండి, నవ్వండి, అంతే. హాల్లో పాఠం చెప్పే నోరు ఒక్కటే ఉండాలి, అది నాది."

గొణిగారు, కానీ కదిలారు. వాళ్ళ వెనకే మిగతా జనమూ జతలుగా లేచారు. జనార్దనరావు నేరుగా మా కుమారమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి వంగి చెయ్యి చాపాడు. ఆవిడ మా అమ్మకి అక్క. ఎనభై దాటాయి. పాత కుటుంబాల్లో ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టని మనిషి లేడు. "నేను నడవగలను, నడిస్తే చాలుగా?" అని లేచింది. వాళ్ళ పక్క జంటలో కౌశిక్ అనే కుర్రాడు, తన లాబ్‌లో పనిచేసే అమ్మాయితో నిలబడ్డాడు. అనంతపురం వాడు, క్లెమెంటిలో గది అద్దెకు తీసుకుని పీహెచ్‌డీ చేస్తున్నాడు. అతని పరిశోధన రోబోలకి చేతులు తయారుచెయ్యడం.

పాట లేకుండా ఒకసారి నడిపించాను. తడబడ్డారు, నవ్వుకున్నారు, ఎలాగో చివరికి చేరారు. ఎడమచేతి చుట్టు దగ్గర మాత్రం అక్కడక్కడా చిక్కుపడ్డారు. పాటొస్తే అదే సర్దుకుంటుందని రాధకు సైగ చేశాను.

సర్దుకోలేదు. వరసలు ముందుకొచ్చాయి, వెనక్కెళ్ళాయి. గుండ్రంగా తిరిగారు. కుడిచెయ్యి బాగానే నడిచింది. "ఎడమచెయ్యి!" అన్నానో లేదో హాలు మధ్యలో కొంప మునిగింది. కొందరు ఎడమ ఇచ్చారు, కొందరు మళ్ళీ కుడే ఇచ్చారు, కుడి ఇచ్చినవాళ్ళు అటు తిరగబోయి ఇటు తిరిగారు, వీపులు వీపులకి తగిలాయి. ద్వారం పట్టాల్సిన జంటలు జతల కోసం వెతుక్కుంటున్నాయి. చిత్రంగా యూనివర్సిటీ పిల్లలు పోగైన మూల మాత్రం బ్రహ్మాండంగా తిరుగుతోంది.

"లెఫ్ట్! కౌశిక్, లెఫ్ట్! అది రైట్!" అని జనార్దనరావు నా ఆజ్ఞ మర్చిపోయి అరుస్తున్నాడు.

రెండో చుట్టు ఇంకా అధ్వానం. గోడకి దగ్గరగా ఉన్న రెండు జంటలు మెల్లిగా జారుకుని కూర్చున్నాయి. మూడో జంట వాళ్ళని చూసింది. ఎవరో మా పాత కుటుంబాలాయన "మకాన్ ఎప్పుడో?" అంటూ తిండి కోసం బల్లల వైపు నడిచాడు. ఎడమేదో కుడేదో తెలియని జనాన్ని నా నెత్తిన పెట్టారని లోపల్లోపల తిట్టుకున్నాను. చివరికి ఏ కాలరూ చెయ్యకూడని పని చేశాను. చెయ్యెత్తి పాట ఆపించాను.

పాట ఆగిన హాలు ఎంత భయంకరంగా ఉంటుందో ఆ స్టేజీ మీద నిలబడితే తెలుస్తుంది. జనార్దనరావు వరసలోంచి బయటికొచ్చి, స్టేజీ అంచు దగ్గర నిలబడి మైకు కోసం చెయ్యి చాపాడు. మొహంలో ఎగతాళి లేదు. జాలి ఉంది, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"ఆంటీ, ఇటియ్యుండ్రి. నేను చూసుకుంట."

"ఒక్క నిమిషం" అన్నాను. ఇవ్వలేదు.

ఏదో నన్ను ఆపింది. రోబోలకి చేతులు పెట్టే కుర్రాడికి తన ఎడమచెయ్యి ఏదో తెలియకపోవడం ఏమిటి? మైకు పట్టుకునే స్టేజీ దిగి అతని దగ్గరికి వెళ్ళాను.

"కౌశిక్, నీ ఎడమచెయ్యి ఎత్తు."

ఠక్కున ఎత్తాడు. సరైనదే ఎత్తాడు.

"అది పెద్దమ్మకి ఇవ్వు."

ఆ చెయ్యి సగం దాకా వచ్చింది. ఆవిడ మొహం చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకుని వీపు వెనక దాచుకున్నాడు. సిగ్గుపడుతూ కుడిచెయ్యి చాపాడు.

"అవ్వకు ఎడమచెయ్యి ఎట్ల ఇచ్చేది ఆంటీ? తప్పు కదా!"

"వాడిచ్చినా నేను పుచ్చుకుంటానటే?" అంది కుమారమ్మ పెద్దమ్మ. "చూడ్డానికి పద్ధతైన పిల్లాడు. వాణ్ణెందుకే అలా నిలదీస్తావు?"

నాకు నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే మైకులో వినపడింది. ఎడమేదో ఎవరికి తెలియదు? అందరికీ తెలుసు, తెలుసు కాబట్టే ఇవ్వలేదు. కుర్రకారు మూల ఎందుకు చక్కగా తిరిగిందో అప్పుడర్థమైంది. అక్కడ పెద్దవాళ్ళు లేరు. ఎక్కడైతే ఒక చిన్నవాడి ఎదుట ఒక పెద్దమనిషి నిలబడ్డాడో అక్కడల్లా డ్యాన్స్ తెగిపోయింది. నేను మాత్రం మార్కెట్లో కూరలమ్మే మలయ్ పెద్దావిడకి, మా మక్‌చిక్‌కి ఎడమచేత్తో ఎప్పుడైనా డబ్బులిచ్చానా? మా క్లెమెంటి గుంపులో పెద్దదాన్ని నేనే. మొదట్లో నాకు ఎడమచెయ్యి ఇవ్వడానికి ఈ జనార్దనరావే నీళ్ళు నమిలేవాడు. తర్వాత ఇద్దరికీ అలవాటైపోయింది. అలవాటయ్యాక ఆ సంగతే మర్చిపోయాం.

అక్కడే, వరస మధ్యలో నిలబడి, మైకులో చెప్పాను.

"అందరూ వినండి! ఎడమచెయ్యి తీసేశాం. తప్పు మీది కాదు, డ్యాన్స్‌ది. ముందు కుడిచేత్తో ఒక చుట్టు. తర్వాత ఎదుటి మనిషికి రెండు చేతులూ ఇవ్వండి. రెండూ పట్టుకుని ఇంకో చుట్టు. ఈ ఊళ్ళో విజిటింగ్ కార్డిచ్చినా రెండు చేతులతో ఇస్తాం కదా, మనిషికివ్వడానికేం?"

హాలంతా ఒక నవ్వు పాకింది. కూర్చున్న రెండు జంటల్లో ఒక జంట లేచింది.

జనార్దనరావు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అన్నాడు. "గదెట్ల ఆంటీ? డ్యాన్స్ రాసినాయన అట్ల రాయలే."

"రాసినాయన మా పెద్దమ్మని చూళ్ళేదు."

అతను పెదవి కొరుక్కున్నాడు. వేళ్ళ మీద అడుగులు లెక్కపెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు, సంగీతం తప్పితే తట్టుకోలేని మనిషి, అంతే. "ఎడమచేతి చుట్టుకెంతో దీనికీ గంతే పడుతది" అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "మ్యూజిక్ సరిపోతది." వెళ్ళి పెద్దమ్మ ఎదుట తన చోట్లో నిలబడ్డాడు.

మళ్ళీ నడిపించలేదు. ఎక్కువ నేర్పితే ఎక్కువ భయపడతారు. స్టేజీ ఎక్కి రాధ వైపు చూశాను. ఆవిడ అప్పటికే కమాను తీగల మీద పెట్టి ఉంది.

"ముందుకి! వెనక్కి! చేతులు కలపండి, ఎడమకి తిరగండి! ఇప్పుడు కుడికి!" అంటూ ప్రతి మాటనీ కదలిక కంటే ఒక్క రవ్వ ముందు వేశాను. "కుడిచెయ్యి!" తిరిగారు. ఇక వచ్చేది అదే.

"రెండు చేతులూ!"

కౌశిక్ రెండు చేతులూ చాచాడు. కుమారమ్మ పెద్దమ్మ తన రెండు చేతులూ వాటిలో పెట్టింది. నడిస్తే చాలు అన్న మనిషి చిన్నపిల్లలు గిరగిరా తిరిగినట్టు తిరిగింది. హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా అందరూ రెండేసి చేతులు పట్టుకుని ఒకేసారి తిరిగారు. ఒక్క వీపు కూడా ఇంకో వీపుకి తగల్లేదు.

"మీ జతతో తిరగండి! ద్వారం పట్టండి, దూరండి!"

దూరారు. తలలు వంచి నవ్వుకుంటూ దూరారు. అవతల కొత్త జంట ఎదురైంది. ఈ గోడ వాళ్ళకి ఆ గోడ వాళ్ళు ఎదురయ్యారు. మా పాత కుటుంబాల్లో ఇంకొకాయన ఒక హైదరాబాద్ కోడలి ఎదుట నిలబడి, ముందు నమస్కారం పెట్టి తర్వాత కుడిచెయ్యి ఇచ్చాడు. చుట్టు పూర్తయ్యేసరికి ఇద్దరూ ఏదో చెప్పుకుని నవ్వుతున్నారు. బల్లల దగ్గరికి పోయినాయన ప్లేటు కింద పెట్టి పరిగెత్తుకొచ్చి వరస చివర చేరాడు. కూర్చున్న రెండో జంటా లేచింది. వరస స్టేజీ మెట్ల దాకా పాకింది.

ఇలాంటప్పుడు కాలర్ చెయ్యాల్సిన పని ఒకటుంది. నాకు అన్నింటికంటే కష్టమైన పని అదే. మాటలు తగ్గించాలి. కాళ్ళకి దారి తెలిశాక కూడా చెబుతూనే ఉంటే జనం కాలర్ గొంతే వింటారు తప్ప పాట వినరు. ముందు "రెండు చేతులూ ఇచ్చి తిరగండి" అన్నదాన్ని "రెండూ" దగ్గరికి తగ్గించాను. "ద్వారం పట్టండి" కాస్తా "ద్వారం" అయింది. తర్వాత ఊతంగా ఒక్క 'ఊఁ' మిగిలింది. తర్వాత అదీ మానేసి, మైకు కిందికి దించాను.

డ్యాన్స్ ఆగలేదు.

రాధ పాట పైస్థాయికి ఎత్తింది. రెండు వరసలూ అలలా ముందుకొచ్చాయి, వెనక్కెళ్ళాయి. కుడిచేతులు కలిశాయి. రెండేసి చేతులు కలిశాయి. వంద మంది ఒకేసారి నేల మీద అడుగేస్తే హాలు గుండె కొట్టుకున్నట్టు ధన్ ధన్‌మంది. పిల్లలూ, ముసలివాళ్ళూ, పద్ధతులున్నవాళ్ళూ, లేనివాళ్ళూ, అందరూ తప్పకుండా తిరుగుతున్నారు. తప్పినవాళ్ళు కూడా ఎలాగో తమ చోటికే చేరుకుంటున్నారు. జనార్దనరావు నా ముందు నుంచే వెళ్ళాడు. చొక్కా తడిసిపోయింది, కళ్ళజోడు జారిపోయింది. ఇన్నేళ్ళుగా మైకు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇంత సంతోషంగా డ్యాన్స్ చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. అతను నా వైపు చూడలేదు. ఎవరూ చూడలేదు. నేనక్కడ ఉన్నానన్న సంగతే వాళ్ళకి గుర్తు లేదు.

నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ళు అరిచాను, అరిస్తేనే మాట వింటారనుకున్నాను. ఇప్పుడు పెదవి కదపకుండా నిలబడి ఉంటే నా మాట వందమంది కాళ్ళలో నడుస్తోంది. ఇంతకంటే గట్టిగా నేనెప్పుడూ, ఎక్కడా వినపడలేదు.

చివరి చుట్టు అని రాధకి వేలు చూపించాను. పాట ముగిసేసరికి ఎవరి చేతులు ఎవరి చేతుల్లో ఉన్నాయో అలాగే ఉండిపోయి అందరూ ఒక్కసారి అరిచారు. ఆ అరుపు ముందు నా మైదానం కేకలు ఏపాటివి? కుమారమ్మ పెద్దమ్మ ఎవరింటి అల్లుడో ఒక తమిళాయన భుజం పట్టుకుని రొప్పుతూ, "ఆపేశావేమే? ఇంకోటి పిలువు!" అంది.

రెండోది జనార్దనరావు పిలవాలని ముందే అనుకున్నాం. అతనికి ఇష్టమైన జడ అల్లిక డ్యాన్స్. అతను జనంలోంచి తోసుకుంటూ స్టేజీ దగ్గరికి వచ్చాడు. చేతిలోని మైకు అందించాను.

అతను దాన్ని అందుకోలేదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ తల పైకెత్తి అడిగాడు.

"తర్వాతది ఏంది ఆంటీ?"

నేను ఒక్క డ్యాన్సే సిద్ధం చేసుకుని వచ్చాను. అయినా నేనెందుకు ఒప్పుకుంటాను? మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాను.

"పాత జతని వదిలెయ్యండి" అన్నాను. "ఇందాక ఎవరి పేరు అడగడం మర్చిపోయారో వాళ్ళని వెతుక్కోండి."

హాలంతా కదిలింది.